కెమెరాకి పడని చలపతిరావు

ఆదివారం పొద్దున్నే చలపతిరావు గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని కొండకి వెళతాడు. కొండంటే మరీ పెద్దదేం కాదు, జూబ్లీ హిల్స్ బంగళాలు మింగగా మిగిలిన రాళ్లగుట్ట. ఫిల్మ్ నగర్‌లోని అతని అద్దెగది నుంచి నడిచి వెళ్లేంత దూరం. ముంగిసలు, ముళ్లపందులు, చెట్లెక్కి పళ్లు తినే మానుపిల్లులు అక్కడ ఇంకా ఎలాగో బతుకుతున్నాయి. వాటిని గమనించి కాపాడదామని కొందరు ఉద్యోగస్తులు, కాలేజీ పిల్లలు కలిసి ఒక బృందం పెట్టుకున్నారు. చెట్లకి కెమెరాలు కట్టారు. ఎదురుగా ఏది కదిలినా వాటంతటవే ఫోటో తీస్తాయి.

చిక్కేమిటంటే, కెమెరాల బాగోగులు చూడ్డానికి వెళ్లినవాళ్లు కూడా ఫోటోల్లో పడతారు. మెమరీ కార్డు నిండా ప్యాంట్లూ బూట్లే. చలపతిరావుతో ఆ బెడద లేదు. ఒంటి మీది బట్టలతో సహా అతను ఏ కెమెరాకీ పడడు. పుట్టినప్పటి నుంచీ అంతే. పెళ్లి ఫోటోలో పుష్పవల్లి నవ్వుతూ నిలబడి ఉంటే, పక్కన దండ ఒక్కటే గాల్లో వేలాడుతూ ఉంటుంది. దండ చక్కగా వచ్చిందని ఫోటోగ్రాఫరు మెచ్చుకున్నాడు కూడా.

సినిమావాళ్లకి అది భలే పనికొచ్చింది. హీరో మీదికి కొమ్మ వంగాలన్నా, హీరోయిన్ కొంగు ఎగరాలన్నా, దీపం గాల్లో నడవాలన్నా "చలపతీ, పట్టుకోవయ్యా" అనేవాళ్లు. షాట్ మధ్యలోకే వెళ్లి పట్టుకునేవాడు. ఇరవై ఏళ్లు అలా గడిచాయి. తర్వాత కంప్యూటర్లొచ్చి తాళ్లనీ మనుషుల్నీ తుడిచెయ్యడం నేర్చుకున్నాయి. పని పోయింది. ఆ వెనకే జ్వరమొచ్చి పుష్పవల్లీ పోయింది. ఇప్పుడు వారమంతా అతనితో మాట్లాడేది కర్రీ పాయింట్ వాడొక్కడే, అదీ "ఇంకేం కావాలి?" అని. ఆదివారం పని అయ్యాక బృందంతో కూర్చుని తాగే చాయే అతనికి పండగ. అది కూడా లేకపోతే ఎలాగా అని తల్చుకోవడానికే అతనికి భయం.

వేసవి మొదట్లో రోడ్డు దాటుతూ ఒక మానుపిల్లి కారు కింద పడి చచ్చిపోయింది. మరునాడు బ్యాటరీలు మార్చడానికి ఒక్కడే వెళ్లిన చలపతిరావుకి చెట్టుతొర్రలో దాని పిల్ల కనిపించింది. బృందానికి ఒక నియమం ఉంది. పిల్లల్ని ముట్టుకోకూడదు, వెంటనే ఫోన్ చెయ్యాలి. సంరక్షణ కేంద్రం వాళ్లొచ్చి, మనిషికి మచ్చిక కాకుండా పెంచి, మళ్లీ అడవిలో వదులుతారు. నియమం తప్పితే ఎంతటివాళ్లనైనా కొండకి రానివ్వరు.

చలపతిరావు ఫోన్ తీశాడు. ఈలోగా పిల్ల పాక్కుంటూ వచ్చి ఒళ్లోకెక్కి పడుకుంది. దాని ఒంటికి అప్పుడే వార్చిన అన్నం వాసన. మానుపిల్లుల వాసనే అంత. పుష్పవల్లి పోయాక గదిలో అన్నం వండింది లేదు, ఆ వాసన పీల్చి ఎన్నాళ్లయిందో అతనికి గుర్తు లేదు. రేపు చేద్దాంలే అనుకున్నాడు. మరునాడూ అలాగే అనుకుని, మగ్గిన అరటిపండు పట్టుకుని వెళ్లాడు.

కూర్చోవడం కెమెరా ఎదురుగానే కూర్చున్నాడు. తను కనపడకపోయినా చేతిలోది కనపడుతుంది. అన్నేళ్లు అన్నం పెట్టిన ఆ సంగతే మరిచిపోయాడు మహానుభావుడు.

బృందాన్ని నడిపే స్ఫూర్తి బోరబండ అమ్మాయి. మాట కటువు, మనసు వెన్న. ఆ ఆదివారం అతన్ని అందరికంటే ముందు చాయ్ హోటల్‌కి రమ్మని, లాప్‌టాప్ తిప్పి చూపించింది. ఫోటోలో, బండకి జానెడు పైన, గాల్లో చుట్ట చుట్టుకుని పిల్ల నిద్రపోతోంది.

"ఏంది అంకుల్ ఇది? ముట్టుకోవద్దని మీకు తెల్వదా? గిట్ల మనుషులకు అలవాటైతే రేపు కుక్కల కాడికి గూడ పోతది. బతుకుతదా?"

"బతకదమ్మా. తప్పయిపోయింది. పట్టుకెళ్లమని చెప్పు, తొర్ర నేనే చూపిస్తాను."

"పొద్దుగాలనే ఫోన్ చేసిన. వచ్చి తీస్కపోయిండ్రు."

చలపతిరావు జేబులో అరటిపండు అలాగే ఉంది.

స్ఫూర్తి గొంతు తగ్గించింది. "ఇది నేనొక్కదాన్నే చూసిన. డిలీట్ కొడ్తా. ఎవ్వలకు తెల్వదు, మీరు మామూలుగనే రండి. ఉంచితే మాత్రం అన్ని ఫోటోలతోని గిది గూడ అందరికి పోతది. అప్పుడు మిమ్మల్ని కొండకు రానిచ్చుడు నాతోని కాదు."

అతను సరే అనబోయి ఆగాడు. కళ్లజోడు తుడిచి పెట్టుకున్నాడు. పిల్ల వీపు మీద బొచ్చు నాలుగు చోట్ల అణిగి ఉంది, వేళ్లు ఆనినట్టు. తోక కిందికి జారి, మోకాలు ఉండాల్సిన చోట వంపు తిరిగింది.

"ఇది నా చెయ్యమ్మా," అన్నాడు. "చెరపకు."

"అంకుల్, జర ఆలోచించుండ్రి. ఐతారం గూడ ఒక్కరే ఇంట్ల కూసుంటరు."

"కూర్చుంటాను. ఇన్నేళ్లొచ్చాయి, ఎక్కడా లేను నేను. ఇందులో ఉన్నాను."

స్ఫూర్తి కళ్లు తుడుచుకుని ఫోటో ముందు అతనికి పంపింది, తర్వాత బృందానికి పంపింది. మిగతావాళ్లు వచ్చే వేళయింది. వాళ్లందరికీ మొహం చూపించలేక చలపతిరావు చాయ్ సగంలో వదిలేసి లేచాడు. ఏడుపొచ్చింది గానీ, దారిన పోయేవాళ్లు చూస్తారని ఆపుకున్నాడు.

శ్రీనగర్ కాలనీ దాకా నడిచి ఫోటోల దుకాణానికి వెళ్లాడు. దుకాణం నడిపే బాలనర్సయ్య ఆ ఫోటోని తెర మీద పెట్టి, అంచులు సరిచెయ్యసాగాడు.

"మంచిగొచ్చింది సార్. పిల్ల మీద గీ ఖాళీ జాగ కోసేస్తున్న, ఫ్రేముల నిండుగ కనవడ్తది."

"కొయ్యకయ్యా," అన్నాడు చలపతిరావు కంగారుగా. "అక్కడ నా మొహం ఉంది."

బాలనర్సయ్య సరేనని అంచు పైకి జరిపి, జుట్టుకి కూడా కాస్త చోటుంచి, ప్రింటు కొట్టాడు.