కరెంటు పోయినప్పటి మార్కులు

రాయదుర్గం జీన్స్ యూనిట్‌లో సమీనాను మేడమ్ అని పిలిచే దిక్కు లేదు. "ఏమే సమీనా, జేబులు యాడ?" అనేవాళ్లే అందరూ. ఆమె మేడమ్ అనిపించుకునేది ఒక్కచోటే, ఫోన్‌లోని 'దయ్యాల సంత' అనే వాట్సాప్ గ్రూపులో. అక్కడొక ఆచారం ఉంది. దయ్యం సినిమా చూడమని చెప్పినవాళ్లు, చూశాక భయం దిగడానికి ఒక పాట కూడా చెప్పాలి. దాన్ని విరుగుడు పాట అంటారు. ప్రతి సినిమానూ అందరికంటే ముందు చూసి, భయానికి పదికి ఇన్నని మార్కులు వేసే పెత్తనం సమీనాది. ఎంత పెద్ద దయ్యానికైనా రెండుకు మించి వేసేది కాదు. "మీదేం గుండె మేడమ్!" అని గ్రూపంతా మెచ్చుకుంటుంటే ఆమెకు కడుపు నిండిపోయేది.

ఇంతలో జయరామయ్య మంట పెట్టాడు. అనంతపురంలో స్టీలు సామాన్ల అంగడి ఆయనది. గ్రూపు మొదలుపెట్టిందీ, పాటల్లో ఆరితేరిందీ ఆయనే.

"రెండు మార్కులంటిరే మేడమ్! నమ్మి చూసినాము. మా ఇంటామె ఈశ్వరమ్మ పట్టపగలు గూడా వంటింట్లోకి ఒంటరిగా పోనంటాండాది. ఆ పొద్దు నుంచి నాకు కాఫీ లేదు. మీరు నిజంగా చూస్తాండారా, చూడకుండానే మార్కులేస్తాండారా? ఈ తూరి చూస్తా చూస్తా వాయిస్ పెట్టండి."

గ్రూపంతా ఔనంటే ఔనంది. సమీనాకు ఒళ్లు మండింది. చూడకపోవడమేమిటి? అన్నం వేళ ప్యాంట్ల కట్టకు ఫోన్ ఆనించి, బొమ్మ కింద అక్షరాలు చదువుకుంటూ ప్రతి సినిమా చివరిదాకా చూసింది. ఇప్పుడు నిరూపించుకోకపోతే ఆ ఒక్క చోటా మేడమ్ అనేవాళ్లు ఉండరు.

మరునాడు అన్నం డబ్బా తెరిచి, సినిమా పెట్టింది. ఆ యూనిట్‌లో వంతులవారీగా తింటారు కాబట్టి మిషన్లు ఎప్పుడూ ఆగవు. పక్కనే కూర్చున్న పిన్ని మహబూబున్నీసా తన ఫోన్‌లో వాయిస్ రికార్డు నొక్కి పట్టుకుంది. ఆమె కూడా గ్రూపులో ఉంది, పాటల కోసం మాత్రమే.

"చూడండప్పా, పాడుబడిన ఇల్లు," మిషన్ల మోతను మించి అరిచి చెప్పింది సమీనా. "ఆడమనిషి మెట్లు దిగుతాండాది. ఏముండాది దీంట్లో? ఒక మార్కు గూడా దండగ..."

టప్పున కరెంటు పోయింది.

మిషన్లన్నీ ఆగాయి. ఫోన్ ఆగలేదు. దాని వాల్యూమ్ ఎప్పుడూ నిండుగానే ఉండేది. ఆ మోతలో వినపడితే కదా తగ్గించడానికి! మెట్ల కింద ఎవరో ఊపిరి పీల్చారు. గోళ్లు గోడను గీరాయి. ఆ తర్వాత కెవ్వుమని ఒక కేక.

"యా అల్లా! సచ్చినా ఖాలా!"

సమీనా అన్నం డబ్బాతో సహా ఎగిరి పిన్ని ఒళ్లో పడింది. పిన్ని బొటనవేలు జారింది. వాయిస్ నేరుగా గ్రూపులోకి వెళ్లిపోయింది.

పోయింది, మేడమ్‌గిరీ పోయింది. తన ధైర్యమని ఇన్నాళ్లూ మురిసిపోయిందంతా మిషన్ల మోతేనని ఆమెకు అప్పుడు తెలిసొచ్చింది. ఏడుపొచ్చింది. అయినా దాచడం ఆమె వల్ల కాలేదు. తన ఫోన్ అందుకుని సినిమా ఆపి, గ్రూపులో వాయిస్ నొక్కింది.

"సద్దు ఇనపడకపోతే దయ్యం గూడా పెండ్లికూతురు మాదిరే ఉంటాది. మిషన్ల మోతలో నేను ఇన్ని దినాలూ చూసింది అట్లానే. తప్పయింది. మార్కులకు వేరే ఎవర్నన్నా పెట్టుకోండి."

జవాబు వచ్చింది, ఆగిన మిషన్ల మధ్య అందరికీ వినపడేలా. ముందు ఈశ్వరమ్మ పగలబడి నవ్వడం వినిపించింది, ఆ వెనక జయరామయ్య గొంతు.

"మేడమ్, మీ కేక ఇని ఈశ్వరమ్మ నవ్వుకుంటానే వంటింట్లోకి పోయింది. కాఫీ పెడ్తాండాది. మీరు యాడికీ పోయేది లేదు. ఇంకమీద ప్రతి సినిమాకూ రెండు రకాల మార్కులేయండి, కరెంటు ఉన్నప్పుడు ఒకటి, పోయినప్పుడు ఒకటి. ఇదో, విరుగుడు పాట పంపుతాండా."

పాటతో పాటే కరెంటూ వచ్చింది. ముక్క లెక్కన కూలి, కరెంటు వచ్చాక ఎవరాగుతారు? సమీనా కళ్లు తుడుచుకుని, ఫోన్ పక్కన పెట్టి, జేబుల కట్ట అందుకుంది. కానీ మిషన్ల మోత వినపడలేదు. తలెత్తి చూసింది. ఎదుట కాజాలు కుట్టే అస్లాం ఇంకా మిషన్ పెడల్ మీద కాలు కదపలేదు. ఆ వరసలో ఎవరూ కదపలేదు.

"పాట పెట్టు మేడమ్," అన్నాడు అస్లాం. "మాకూ భయం దిగల్ల గదా."