ఆబ్దికం నాటి ఎంగిలి

ఆ ఇంట్లో బయట చేరిన ఆడదాన్ని అడిగే ప్రశ్న ఒక్కటే: ఎన్నో రోజు? మొదటి రోజా, రెండోదా, తలస్నానం ఎప్పుడు? అంతకు మించి అడగడం మర్యాద కాదు. వెంకటరత్నమ్మ బుద్ధెరిగినప్పటినుంచీ ఆ లెక్క ప్రకారమే నడిచింది. భర్త ఉద్యోగంతో పాటు గుడివాడ వదిలి హైదరాబాదు వచ్చి ఏడేళ్ళయినా, నాంపల్లి స్టేషన్ వెనక రెండు గదుల వాటాలోనూ మడి విషయంలో ఆవిడ ఒక్క మెట్టు దిగలేదు.

కోడలు బుజ్జమ్మకు కొడుకు పుట్టి ముప్పై అయిదు రోజులయింది. తల్లి లేని పిల్ల కాబట్టి కాన్పు అత్తవారింట్లోనే జరిగింది. పురిటి మైల తగ్గినట్టే తగ్గి, ఇరవయ్యారో రోజున మళ్ళీ కనిపించింది. "అప్పుడే ముట్టు తిరిగొచ్చిందేమే!" అనుకుంటూ వెంకటరత్నమ్మ చాప, చెంబు పక్క వసారాలో వేయించింది. నాలుగో రోజు స్నానం చేయించి లోపలికి పిలిచింది. సాయంత్రానికల్లా మళ్ళీ బయటికే. మళ్ళీ మూడు రోజులు, మళ్ళీ స్నానం. ఇది మూడో విడత. వాటాల వాళ్ళందరి నీళ్ళూ అయ్యాక, కుళాయి దగ్గర ఎవరి బట్టలు వాళ్ళు ఉతుక్కోవాలి. ఎన్ని తడుస్తున్నాయో బుజ్జమ్మకే తెలుసు. ఆ పిల్ల అడగందే చెప్పే రకం కాదు.

ఆ రోజు వెంకటరత్నమ్మ అత్తగారి ఆబ్దికం. భోక్తలు ఇద్దరూ వచ్చి కూర్చున్నారు. పురోహితుడు సోమయాజులు దర్భలు సర్దుతున్నాడు. భర్త అమరేశ్వరరావు తడిపంచెతో పీట మీద ఉన్నాడు. కొడుకు లక్ష్మణరావు క్యాంపు మీద కరీంనగర్ వెళ్ళాడు. బ్రాహ్మల కంట పడకుండా, గొంతు వినపడకుండా ఉండమని చెప్పి, కోడల్నీ పసివాణ్ణీ పెరట్లో బొగ్గుల కొట్టులోకి పంపింది. తాను మడి కట్టుకుని గారెలు వేస్తోంది.

పెరటి గుమ్మంలో కొండమ్మ నిలబడింది. వాటాలన్నిటికీ అంట్లు తోమే మనిషి, భువనగిరి వైపు నుంచి వచ్చింది.

"అమ్మా, జర ఇటు రా. చిన్నమ్మ పిలిస్తే పలుకుత లేదు."

"గట్టిగా అరవకే. భోక్తలున్నారు. ఇవాళ రెండో రోజు, నీరసంగా ఉండి పడుకునుంటుంది."

"రెండో దినమో మూడో దినమో గాదు, ఎంత పోతుందో చూసినవా? పొద్దుగాల్నుంచి తొమ్మిది బట్టలు తడిసినయ్. చాప కిందికి కారింది. గిది ముట్టు గాదు తల్లీ. గట్లయితే మనిషి బతకది."

ఎంత? ఆ మాట వెంకటరత్నమ్మ ఎప్పుడూ అడగలేదు. గరిటె చేతిలో ఉండగానే పెరట్లోకి వెళ్ళింది. కొట్టులో బుజ్జమ్మ గోడకు ఒరిగి ఉంది. పెదాలు తెల్లగా పాలిపోయాయి. పక్కన పసివాడు గుక్కపట్టి ఏడుస్తున్నాడు. "అత్తయ్యా, దగ్గరికి రాకండి, మడి..." అంటూ ఆ పిల్ల చెయ్యెత్తబోయింది. చెయ్యి లేవలేదు.

వెంకటరత్నమ్మ గరిటె కింద పడేసి, ఆ చెయ్యి పట్టుకుంది. చల్లగా ఉంది.

గారెలు మాడిన వాసనకు అమరేశ్వరరావు పెరట్లోకి వచ్చాడు. కోడలి తల భార్య ఒళ్ళో ఉంది.

"ఏమే, ముట్టుకున్నావా?"

"ముట్టుకున్నాను."

"భోక్తలు కూర్చున్నారే! మా అమ్మ తద్దినమే!"

"మీ అమ్మ తద్దినమని తెలియకుండానే పద్నాలుగేళ్ళుగా వండుతున్నానా? మీ తమ్ముడి భార్య జానకమ్మ ఇలాగే బాలింతగా వసారాలో పోయిన రోజున, మీ అమ్మ అడిగింది కూడా 'ఎన్నో రోజే?' అనే. నేను మడి కట్టుకుని గడపలో నిలబడి చూశాను. ఆవిడ మడి చెడలేదు, నా మడీ చెడలేదు. జానకమ్మే పోయింది. ఇవాళ నేను చూస్తూ నిలబడను."

అమరేశ్వరరావు వెనక నుంచి సోమయాజులు నెమ్మదిగా, "వంట చెడితే ఆమశ్రాద్ధం ఉందండీ. బియ్యం, పప్పు, కూరగాయలు దానమిచ్చి పిండం పెట్టవచ్చు. పితృదేవతలు అందుకుంటారు," అన్నాడు.

"ఈ దారి ఉందని ఇన్నేళ్ళూ చెప్పలేదేం పంతులుగారూ?"

"ఇన్నేళ్ళూ ఎవరూ అడగలేదమ్మా."

కొండమ్మ అప్పటికే రిక్షా తెచ్చింది. పసివాణ్ణి చంకనేసుకుని, తడి బట్టలన్నీ మూటగట్టి కాళ్ళ దగ్గర పెట్టుకుంది. ఆబిడ్స్ చౌరస్తాలో పోలీసు చెయ్యి అడ్డం పెడితే, వెంకటరత్నమ్మ రిక్షాలోంచే లేచి, "నీకు తల్లి లేదుటయ్యా? తప్పుకో!" అని అరిచింది. వీధిలో పరాయి మగవాడి మీద ఆవిడ గొంతెత్తడం అదే మొదలు. అతను చెయ్యి దించాడు.

దవాఖానలో డాక్టరమ్మ చూస్తూనే అడిగింది. "రోజుకి ఎన్ని బట్టలు?"

"మామూలేనండి," అంది బుజ్జమ్మ, వినీవినపడనట్టు.

"ఏంది మామూలు!" కొండమ్మ మూట విప్పి నేల మీద పరిచింది. "గివి పొద్దుగాల్నుంచి. నీ కండ్లతోని చూడు డాక్టరమ్మా. సిగ్గుతోని గీ పిల్ల ప్రాణం పోగొట్టుకుంటది."

డాక్టరమ్మ లోపల పరీక్ష చేసి వచ్చింది. "మాయ ముక్క లోపలే ఉండిపోయినట్టుంది. తీసెయ్యాలి. పది రోజులుగా పోతోందట, ఏం చేస్తున్నారు మీరు?"

"స్నానాలు చేయిస్తున్నానమ్మా," అంది వెంకటరత్నమ్మ. ఏమీ దాచలేదు.

డాక్టరమ్మ ఆవిడ ముఖంలోకి చూసి, తిట్టబోయిన మాట మింగేసింది. "రక్తం ఎక్కించాలి. మీ వాళ్ళెవరున్నారు?"

"నేనున్నాను."

సూదితో గుచ్చి రక్తం చూశారు. సరిపోయింది. "పొద్దున ఏం తిన్నారు?"

"రాత్రి నుంచి ఏమీ లేదు. ఆబ్దికం."

"అయితే తియ్యను. మీరు కూడా పడిపోతారు. ముందు ఏదైనా తిని రండి."

కొండమ్మ ఎదురుగా ఉన్న ఇరానీ హోటలుకు వెళ్ళి చాయ్, బన్ను తెచ్చింది. వరండా బల్ల మీద అవి పెడుతుండగా అమరేశ్వరరావు రొప్పుతూ వచ్చాడు. తడిపంచె ఒంటి మీదే ఆరిపోయింది.

"సామాను గది తాళంచెవి నీ బొడ్లోనే ఉండిపోయింది. బియ్యం కూడా తియ్యలేకపోతున్నాం." అప్పుడే బన్ను చూశాడు. "అదేమిటి? ఇంకా పిండం పెట్టలేదే! అందులోనూ హోటలుది! ఒక్క గంట ఆగు, నేను వెళ్ళి ముగించేస్తాను."

"ఆ గంట బుజ్జమ్మకు లేదండీ." తాళంచెవి తీసి ఆయన చేతిలో పెట్టింది.

"పితరుల కంటే ముందు..."

"చూడలేకపోతే అటు తిరగండి."

ఆయన గోడవైపు తిరిగాడు. వెళ్ళిపోలేదు.

"తిను తల్లీ," అంది కొండమ్మ, పసివాణ్ణి ఊపుతూ. "నీ దేవుడు కోపం జేస్తడా?"

"చేస్తే నా మీదే చెయ్యనీ. ఆ పిల్ల మీద కాదు."

వెంకటరత్నమ్మ బన్ను చేతిలోకి తీసుకుంది. నలభై ఏడేళ్ళ వయసులో బయటి ఎంగిలి ఎరగని నోరు. కళ్ళు మూసుకుంది. మనసులోనే అంది: 'అత్తయ్యగారూ, ఇవాళ మీకంటే ముందు నేను తింటున్నాను. తప్పయితే రేపు పైకి వచ్చాక మీ ఎదుట నిలబడి ఒప్పుకుంటాను. కానీ జానకమ్మ సంగతి కూడా మిమ్మల్ని అడుగుతాను.'

కొరికింది. తియ్యగా ఉంది. గబగబా రెండు ముక్కలు మింగి, చాయ్ మొత్తం తాగి, మూతి తుడుచుకుని లేచింది. నర్సు చూపించిన మంచం మీద పడుకుని, మడిచీర చెంగు భుజం పైకి మడిచి, ఎడమ చెయ్యి చాపింది.

"కావలసినంత తియ్యి," అంది.