సగంలో ఆగిన మాట

పొద్దున లేవగానే పిడికిలి బిగించి చూసుకోవడం ఆమెకు అలవాటైపోయింది. వేళ్లు అరచేతిని అందుకుంటే ఆ పూట మాట్లాడగలదు, అందుకోకపోతే లేదు. ఇది మాటవరసకు చెప్పేది కాదు. ఆమె భర్తకు పుట్టుచెవుడు. పెళ్లినాటి నుంచి వాళ్లిద్దరి మధ్య నడిచిన మాటంతా చేతుల మీదే నడిచింది.

ఆమె ఉద్యోగమూ అదే. ఆసుపత్రుల్లో, కోర్టుల్లో, బ్యాంకుల్లో చెవిటివాళ్ల పక్కన నిలబడి ఎదుటివాళ్ల మాటను సైగల్లోకి, వీళ్ల సైగలను మాటల్లోకి మార్చే దుభాషి. భర్తను మొదటిసారి చూసింది కూడా ఒక ఆఫీసులో అతని తరఫున మాట్లాడటానికి వెళ్లినప్పుడే. కుర్చీలకూ బల్లలకూ పాలిష్ పెట్టే పని అతనిది. వచ్చిన పని పూర్తయ్యాక కూడా కదలకుండా కూర్చుని, మీ చేతులు చూస్తుంటే ఇంట్లో కూర్చుని కబుర్లు వింటున్నట్టుంది అన్నాడు. ఆ ఒక్క ముక్కకే పడిపోయానని ఆమె స్నేహితురాళ్ల దగ్గర చెప్పి నవ్వేది.

జబ్బు చెప్పాపెట్టకుండా వచ్చింది. ముందు కుడిచేతి వేళ్ల మొదళ్లు వాచాయి. ఏదో బరువెత్తి ఉంటాననుకుంది. తర్వాత ఎడమచెయ్యి, మణికట్లు, ఆపైన పాదాలు. నిద్ర లేచేసరికి చేతులు బిర్రబిగుసుకుపోయి తనవి కానట్టుండేవి. గుండీ పెట్టుకోవాలన్నా, సీసా మూత తిప్పాలన్నా ముందు ఊపిరి బిగబట్టాల్సి వచ్చేది. డాక్టరు రక్తపరీక్షలు చూసి ఇది వయసుతో వచ్చే నొప్పి కాదనీ, జబ్బుల మీద పోరాడాల్సిన ఒంటి శక్తే దారితప్పి సొంత కీళ్ల మీద పడిందనీ, దీన్ని రుమటాయిడ్ ఆర్థరైటిస్ అంటారనీ చెప్పాడు. మందులు వాడితే అదుపులో ఉంటుంది గానీ మధ్యమధ్య తిరగబెడుతుంది, అలాంటప్పుడు చేతులకు పూర్తిగా విశ్రాంతి ఇవ్వమన్నాడు. మా ఇంట్లో నా నోరు ఇదేనండీ అని ఆమె అనలేదు. సరేనని తలూపి వచ్చేసింది.

ఉద్యోగం మాత్రం ఎన్నాళ్లో నిలవలేదు. ఆసుపత్రిలో ఒక రోగి ఆమె సైగలను కాసేపు చూసి, మొహమాటపడుతూనే, మీ చేతులు ముద్దముద్దగా మాట్లాడుతున్నాయి, ఇంకెవరినైనా పిలవండి అన్నాడు. అందులో అతని తప్పేమీ లేదు. మందు ఏ వేళకు వేసుకోవాలో అతనికి తెలియాలి కదా. పైఅధికారి మంచిది కాబట్టి ఆమెను పంపెయ్యకుండా ఫోన్ల దగ్గర కూర్చోబెట్టింది. అప్పటినుంచి ఎవరికి దుభాషి కావాలన్నా ఇంకొకరిని పంపించడమే ఆమె పని.

ఇంట్లో ఆమె స్థానంలోకి పంపడానికి ఎవరూ లేరు. అత్తగారు వాళ్లతోనే ఉండేది. కొడుకుతో ఆవిడ ఏనాడూ సైగ చేసి ఎరగదు. ఏం మాట్లాడాలన్నా కోడలే మధ్యవర్తి. "వీడికి చెప్పు, ఆ చొక్కా ఇంకో రోజు తొడుక్కుంటే అదే లేచి నడుస్తుంది" అని పెద్దావిడ అంటే, అమ్మ చొక్కా మార్చుకోమంటోంది అని కోడలి చేతులు చెప్పేవి. నస ఆపమని చెప్పు అని కొడుకు విసుక్కుంటే, "అలాగే మారుస్తాడట అత్తయ్యా" అని ఆమె నోరు చెప్పేది. తల్లి మెత్తనిదని కొడుకూ, కొడుకు బుద్ధిమంతుడని తల్లీ నమ్ముతున్నారని ఆమె లోలోపల మురిసిపోయేది. నొప్పులు తిరగబెట్టిన రోజుల్లో మాత్రం ఇల్లు మూగబోయేది. అత్తగారు ఏదో అనేది, ఏమంటోందని భర్త కళ్లతో అడిగేవాడు, ఆమె ఏమీ లేదన్నట్టు తల అడ్డంగా ఊపేది.

అత్తగారికి గుండె జబ్బు ముదిరింది. ఇంక చేసేదేమీ లేదు, ఇంటికి తీసుకెళ్లి ప్రశాంతంగా చూసుకోండి అని ఆసుపత్రి వాళ్లు పంపేశారు. దిండు సర్దడం, పక్కకు తిప్పడం, దుప్పట్లు మార్చడం అన్నీ కోడలి మీదే పడ్డాయి. భర్త చెయ్యగలిగింది చేస్తూనే ఉన్నాడు గానీ పెద్దావిడ కొన్ని పనులు కొడుకు చేత చేయించుకోనంది. వారం తిరక్కుండానే ఆమెకు నొప్పులు విరుచుకుపడ్డాయి. చేతులు ఉబ్బి చర్మం నిగనిగలాడింది. ఒళ్లు వెచ్చబడింది. మణికట్లకు పట్టీలు కట్టుకుని మోచేతులతో తలుపులు తోస్తూ తిరిగింది.

అలాంటి ఒక మధ్యాహ్నం అత్తగారు కళ్లు తెరిచి, "అమ్మాయ్, వాణ్ణి పిలు. వాడితో కాస్త మాట్లాడాలి" అంది.

రేపు మాట్లాడుకుందాం అత్తయ్యా అనే మాట కోడలి నాలుక చివరిదాకా వచ్చింది. ఆ ముఖం చూశాక అనలేకపోయింది. నొప్పి మాత్ర మింగి భర్తను తీసుకొచ్చింది. అతను చేతులకు పాలిష్ మరకలతోనే వచ్చి మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. ముందు ఫోను పెట్టి చూశారు. మాటను అక్షరాలుగా మార్చి చూపించే సదుపాయం అందులో ఉంది. కానీ ఆయాసంతో తెగిపోయే ఆ గొంతు ఫోనుకు అర్థం కాలేదు, పొంతన లేని మాటలు పడ్డాయి. అయినా అతనికి రాత అరువు తెచ్చుకున్న భాషే. సైగలే అతని సొంత భాష. ఆమె ఫోను పక్కన పెట్టి పట్టీలు విప్పింది.

పెద్దావిడ మెల్లగా మొదలుపెట్టింది. నడక కూడా రాని వయసులో అతని వెనక కంచం జారి నేలమీద పడింది. అందరూ ఉలిక్కిపడ్డారు, పిల్లాడు తిరిగి చూడలేదు. ఆ తర్వాత తను రోజూ అతని వెనక నిలబడి కంచాలు పడేసేది. ఒక్కసారైనా తిరుగుతాడని. ఇంట్లో అందరూ పిచ్చెక్కిందన్నారు. కోడలి చేతులు ఇంతవరకూ చెప్పగలిగాయి. అతను రెప్పవెయ్యకుండా చూస్తున్నాడు.

తర్వాత బడి సంగతి వచ్చింది. మీరు సైగలు చేస్తే పిల్లాడికి మాట రాదని అక్కడివాళ్లు గట్టిగా చెప్పారు. అందుకని అతని ముందు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడేది. ఆ చేతుల కోసం వాడు ఏడ్చేవాడు. ఇక్కడికొచ్చేసరికి కోడలికి వేళ్లు విడివడలేదు. మణికట్టు తిప్పబోతే నొప్పి భుజం దాకా పాకింది. మోచేతులతో, కళ్లతో, పెదాలతో కానిచ్చింది. సైగల్లో ముఖం కూడా మాటే. కనుబొమ్మ ముడిపడితే అర్థం మారిపోతుంది. ఆమె పళ్లు బిగపట్టడం చూసి అతను, అమ్మ కోపంగా చెబుతోందా అని అడిగాడు. కాదు, ఈ ముఖం నాది, మాటలు ఆమెవి అని ఎలాగో చెప్పింది. అప్పటికే కన్నీళ్లు కారుతున్నాయి. అవి ఎవరివో ఆమెకే తెలియలేదు.

కోడలి చేతులు వెనకబడిపోయినా పెద్దావిడ ఇంకా చెబుతూనే ఉంది. అతను చటుక్కున ముందుకు వంగి భార్య చేతులు రెండూ తన చేతుల్లోకి తీసుకున్నాడు. మెల్లగా ఆమె ఒళ్లో పెట్టి, వాటి మీద తన అరచేతులు ఆనించి, ఇంక చాలన్నట్టు తలూపాడు.

తల్లి అది చూసింది. మాట ఆపేసింది.

"వాడికి వినాలని లేనట్టుంది. పోనీలే" అంది.

"కాదత్తయ్యా, నా చేతులు చూడలేక ఆపాడు. మీరు చెప్పండి, ఆయనకు వినాలనే ఉంది."

"నువ్వెప్పుడూ అంతేలే అమ్మాయ్. మా ఇద్దరి మధ్యా అన్నీ తియ్యగా చేసే చెబుతావు. నాకు తెలీదనుకున్నావా?"

ఆవిడ గోడవైపు తిరిగి పడుకుంది. కోడలు ఒట్టేసి చెప్పినా ఇటు తిరగలేదు. ఆ తర్వాత మంచినీళ్లకు తప్ప నోరు తెరవలేదు. వారం గడవకముందే తెల్లవారుజామున కన్నుమూసింది.

డాక్టరు మందు మార్చాడు. ఇంజెక్షన్లు మొదలయ్యాయి. చాలా వారాలకు గానీ ఆమె వేళ్లు మాట వినలేదు. కుడిచేతి చివరి రెండు వేళ్లు పక్కకు ఒరిగిపోయి అలాగే ఉండిపోయాయి. చేతులు కాస్త నెమ్మదించిన రోజున భర్త ఎదురుగా కూర్చుని, అమ్మ ఇంకా ఏం చెప్పిందని అడిగాడు. ఆమె గుర్తున్నంత చెప్పింది. అలిసిపోయి ఆపింది. మరో మంచి రోజున ఇంకాస్త చెప్పింది. కొన్నాళ్లకు ఒక సంగతి తెలిసి భయమేసింది. అత్తగారి మాటలు కొన్ని మనసులోంచి జారిపోయాయి. ఖాళీ ఉన్నచోట తన మాటలు చేరిపోతున్నాయి. ఆ మాటే అతనితో అంది.

మరో రోజు అడిగాడు. "చివర్లో ఏదో అని అటు తిరిగింది. ఏమంది?"

అలిసిపోయి తిరిగింది అని ఒక్క సైగ చేస్తే సరిపోయేది. ఇన్నేళ్లూ ఆమె చేసింది అలాంటి పనే. ఆ రోజు చేతులు బాగానే ఉన్నాయి, నొప్పి వంక కూడా లేదు. నీకు వినాలని లేదనుకుంది, నేను కాదన్నా నమ్మలేదు, ఎందుకంటే నేను ఎప్పుడూ అన్నీ మార్చి చెప్పేదాన్ని అని అమ్మకు తెలుసు. ఇలా ఉన్నదున్నట్టు చెప్పేసింది.

అతను కళ్లు మూసుకున్నాడు. అతనికి చెవులు మూసుకోవడమంటే అదే. ఆమె చెయ్యి ఎత్తినా, భుజం తట్టినా తెరవలేదు. చాలాసేపటికి లేచి, ఆమెవైపు చూడకుండా షాపుకి వెళ్లిపోయాడు. పాలిష్ పూర్తయిన కుర్చీని మళ్లీ గీకి కొయ్య బయటపడేదాకా అరగదీశాడని తర్వాత షాపు యజమాని చెప్పాడు.

పొద్దుగూకే వేళకు వచ్చి అన్నం తిన్నాడు. తిడతాడని ఆమె ఎదురుచూసింది. తిట్టలేదు. ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు కూడా. రోజులు ఎప్పటిలాగే నడిచాయి. మందులు, ఇంజెక్షన్లు, బాగున్న వారాలు, తిరగబెట్టిన వారాలు. ఒక్కటి మాత్రం మారింది. ఆమె సైగ చేస్తూ చేస్తూ నొప్పికి విలవిల్లాడినా అతను ఇంకెప్పుడూ ఆమె చేతులు పట్టుకుని ఆపలేదు. ఎంతసేపైనా, ఎంత తడబడినా, చివరి మాట దాకా చూస్తూ కూర్చునేవాడు. ఒక్కోసారి, ఇక చాలు అని అతను ఆపితే బాగుండునని ఆమెకు అనిపించేది. ఆ మాట చెప్పడానికీ చేతులే కావాలి.