దూది చుట్టిన గొట్టాలు

పొద్దున్నే ఆరున్నరకల్లా ల్యాబు తలుపు తీసి, బల్ల తుడిచి, సూదుల పెట్టె దగ్గరికి లాక్కుని "మొదటి నంబరు!" అని కేకేసేది సూదక్క. ఇరవై తొమ్మిదేళ్లుగా అదే బల్ల, అదే కేక. ఆమె అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా కనపడదు.

కొందరి రక్తం గొట్టంలో పడగానే తేనెటీగల్లా రొద పెడుతుంది. ఏ ల్యాబులోనైనా ఉండేదే. అలాంటి గొట్టానికి దూది చుట్టి వెనక అరలో పెట్టాలి, డాక్టర్లకి తలనొప్పి రాకుండా. ఉద్యోగంలో చేరిన రోజు సూదక్కకి నేర్పిన మొదటి పని అదే.

ఆ మంగళవారం బల్ల ముందు ఆమె తమ్ముడే కూర్చున్నాడు. లిఫ్టు మెకానిక్కు, యాభై రెండేళ్లవాడు.

"చెయ్యి చాపు."

"మెల్లగా అక్కా. చిన్నప్పటి కసి ఇప్పుడు తీర్చుకోకు."

నవ్వాడు గానీ మొహం పాలిపోయి ఉంది. తన చేత్తో బిగించిన లిఫ్టు ముందే కిందటి వారం నిలబడిపోయాడు. పద్నాలుగు వైర్లలో ఆకుపచ్చది ఎక్కడికి వెళ్లాలో ఎంతకీ తట్టలేదు. లోపల ముగ్గురు రెండు గంటలు ఇరుక్కుపోయారు. సూపర్‌వైజరు మొహమ్మీదే చెప్పేశాడు: "రెండు నెలలు టైమిస్తున్నా. నా ముందు పద్నాలుగూ కలిపి చూపించు. లేదంటే పనిముట్ల సంచి ఇక్కడ పెట్టేసి ఇంటికి పో."

వయసు మీద పడుతోందిలే అన్నారు అందరూ. యాభై రెండుకే ఏం వయసు, మీ మొహం!

గొట్టం నిండీ నిండకముందే రొద మొదలైంది. పక్కనున్న గొట్టాలన్నీ గలగలా కొట్టుకున్నాయి. సూదక్క చెయ్యి అలవాటుగా దూది మీదికి వెళ్లి, అక్కడే ఆగిపోయింది.

నిన్న రక్తం ఇచ్చి, ఇంటికి ఏ బస్సెక్కాలని తననే అడిగిన టైలరు. కూతుర్ని "మీరెవరమ్మా" అన్న హెడ్మాస్టరు. పదేళ్ల కిందట, పదిహేనేళ్ల కిందట వాళ్ల గొట్టాలకి దూది చుట్టింది ఎవరు? తనే!

గొట్టం పట్టుకుని డాక్టరమ్మ గదిలోకి దూసుకెళ్లింది.

"ఈ రొద ఏంటమ్మా?"

"ఒంట్లో ఎక్కడో వాపు రగులుతోందన్నమాట. మిషన్లో దాని అంకె కూడా పెరుగుతుంది. అలాంటివాళ్ల మెదడు తొందరగా ముసలిదవుతున్నట్టు కనిపిస్తోంది. ఇదే కారణమని మాత్రం తేల్చి చెప్పలేను."

"మరి దూది ఎందుకు చుట్టిస్తున్నారు?"

"గోలగా ఉంటుందని..."

"ఇల్లు అంటుకుందని అరిచేవాడి నోట్లో గుడ్డ కుక్కుతున్నామా ఇన్నేళ్లూ!"

సూదక్క బల్ల దగ్గరికి తిరిగొచ్చింది. తమ్ముణ్ణి నిలబెట్టి ఆ గొట్టాన్ని పాదాల నుంచి పైకి పోనిచ్చింది. మోకాళ్ల దగ్గర సన్నగా మోగింది. పొట్ట దగ్గరా అంతే. మెడ దాటాక పెరిగింది. ఎడమ దవడ దగ్గరికి వచ్చేసరికి తేనెపట్టు మీద రాయి పడ్డట్టు లేచింది.

"నోరు తెరు."

"వద్దక్కా."

"తెరవరా!"

లోపల పుచ్చిపోయిన దంతం. చుట్టూ చిగురు ఉబ్బి చీము పట్టింది.

"ఎన్నాళ్ల నుంచి?"

"నాలుగేళ్లు."

"ఏడంతస్తుల గోతిలో తాడు పట్టుకుని వేలాడతావే, పళ్ల డాక్టరు కుర్చీ అంటే భయమా?"

"తాడు నా పన్ను పీకదు కదా!"

చెవి పట్టుకుని వీధి దాటించింది. పన్ను ఊడింది, చిగుళ్లు శుభ్రమయ్యాయి. ప్రతి వారం రక్తం తీసి చెవి దగ్గర పెట్టుకుని వినేది. తేనెపట్టంత రొద గుప్పెడైంది. గుప్పెడు రెండుమూడు తేనెటీగలకి దిగింది. వాడు తాళంచెవుల కోసం వెతుక్కోవడం తగ్గింది. ఒకరోజు ఫోన్ చేసి, "అక్కా, నిన్న చెప్పిన సంగతే మళ్లీ చెబుతున్నావు" అన్నాడు. తిట్టించుకుని ఆమె అంత సంతోషపడటం అదే మొదలు.

పరీక్ష రోజు సూపర్‌వైజరు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పొద్దున తీసిన తమ్ముడి రక్తం గొట్టం సూదక్క కొంగులో ఉంది. తమ్ముడు ఒక్కో వైరూ కలుపుతున్నాడు. పదకొండు. పన్నెండు. ఆకుపచ్చది చేతిలోకి తీసుకుని ఆగాడు. సూదక్క గొట్టాన్ని గట్టిగా పట్టుకుంది.

"అక్కా, నువ్వు ఊపిరి పీల్చు. నువ్వు బిగబడితే నాకు ఆడట్లేదు."

అని, ఆకుపచ్చ వైరును దాని చోట బిగించాడు. ఆ తర్వాత చివరిది. మీట నొక్కాడు. లిఫ్టు ఒక్క కుదుపు లేకుండా పైకి లేచింది.

"సంచి నీ దగ్గరే ఉంచుకో," అన్నాడు సూపర్‌వైజరు.

సూదక్క పరుగు పరుగున ల్యాబుకి వచ్చింది. వెనక అర లాగి, గొట్టాల దూది చేతికందినంత పీకి పారేసింది. గదంతా హోరెత్తిపోయింది.

"ఏంటా గోల?" డాక్టరమ్మ గుమ్మంలోకి వచ్చింది.

సూదక్క మొదటి గొట్టం ఆమె చేతిలో పెట్టింది.

"వినండి. ఈ రక్తం ఇచ్చినతను ఇంకా బయట బెంచీ మీదే ఉన్నాడు."