గుమ్మం బయట బూట్లు

బూట్లు గుమ్మం బయట పెట్టించింది నేనే. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను, తరువాత ఎవరూ నన్ను వేలెత్తి చూపనక్కర్లేదు.

అప్పట్లో పరాయి దేశంలో, ఆసుపత్రి దుప్పట్లు ఉతికే లాండ్రీలో పనిచేసేదాన్ని. నేను తడి దుప్పట్లు విదిలించి అందిస్తే, నా జోడీ మనిషి వాటిని ఆవిరి ఇస్త్రీ యంత్రంలోకి తోసేది. ఆమె ఎంత పొడుగంటే నేను ఆమె భుజం దాకా కూడా వచ్చేదాన్ని కాదు. అందుకే ఆమె నాకు పొడుగక్క, నేను ఆమెకు బుడ్డి. ఇద్దరికీ ఒకటే గది. గోడ అద్దం తన ఎత్తుకు మేకు కొట్టి తగిలించుకుంది, నేను మునివేళ్ల మీద నిలబడితే నా పాపిడి కనిపించేది.

ఆమె చెల్లెలు చిట్టి, మాకు మూడు గంటల రైలు దూరంలో ఉన్న నగరంలో, ఒకరింట్లో వంటకీ పిల్లలకీ ఉండేది. నాలుగేళ్లుగా అక్కాచెల్లెళ్లు మొహాలు చూసుకోలేదు. ఆ ఇంటివాళ్లు చిట్టి పాస్‌పోర్టు బీరువాలో పెట్టి తాళం వేశారు. ఆదివారం పది నుంచి పదకొండు దాకా కూరగాయలకని వదిలేవారు, అంతే. ఆ చలికాలంలో ఒకనాడు చిట్టి కొట్లోంచి లాండ్రీకి ఫోను చేసి ఏడ్చింది. వాళ్లు ఇంకో దేశానికి మకాం మారుస్తున్నారట, తననూ తీసుకుపోతారట. కొత్త వీసా కాగితాలు నింపాలని పాస్‌పోర్టు వచ్చే శనివారం చేతికిస్తారట, సోమవారం మళ్లీ లాగేసుకుంటారట.

మా లాండ్రీ మేస్త్రమ్మ మంచిది. చిట్టికి మా దగ్గర పని ఉందని కాగితం రాసి ముద్ర వేసి ఇచ్చింది. ఫోనులో అనుకున్నట్టు ఆదివారం పదింటికి నగరంలో గడియార స్తంభం దగ్గర పిల్లను కలిసి, ఆ కాగితం చూపించి, వెంటబెట్టుకు రావాలి. ఆ గంట తప్పితే చిట్టి ఏ దేశంలో తేలుతుందో దేవుడికే తెలియాలి. తోడుగా నేను బయలుదేరాను.

శనివారం సాయంత్రం మంచు కురుస్తుంటే రైలు దిగాం. కొట్ల నిండా దీపాలు. నా కళ్లు నా మాట వినలేదు.

"కాసేపు తిరిగి చూద్దామక్కా."

"చిట్టి దొరకనీ, నగరమంతా నీ నెత్తిన పెడతాను. ముందు నడు."

బస మూడో అంతస్తులో. రెండు మంచాలకు మధ్య ఒక మనిషి పక్కకు తిరిగి నడవాలి. కిటికీ రెక్కలు రంగుతో అతుక్కుపోయాయి, ఎదురుగా ఇటుకల గోడ. బూట్ల నుంచి నల్లటి నీళ్లు కారుతున్నాయి.

"తల పెట్టుకుని పడుకునే చోట ఈ బురదేంటి? బయట విప్పుదాం."

"ఎవరైనా ఎత్తుకుపోతే?"

"నీ పడవలెవరికి కావాలక్కా!"

నవ్వింది. రెండు జతలూ గుమ్మం పక్కన బుద్ధిగా ఆనించి వచ్చాను. మన ఇళ్లలో చేసినట్టే చేశాను, నాకేం తెలుసు?

పొద్దున ఎనిమిదిన్నరకు తలుపు తీస్తే వరండా ఖాళీ. ఊడ్చి తుడిచి, అద్దంలా ఉంది.

నేల తుడిచే ఆవిడ దూరంగా కనిపిస్తే ఇద్దరం సాక్సులతో పరిగెత్తాం. మాకు వచ్చిన పరాయి మాటలన్నీ లాండ్రీవే. తడి, వేడి, మడత, తొందరగా. వాటితోనే అడిగాం. పొడుగక్క తన పాదాలు చూపించి "తడి! తడి!" అంటుంటే నేను "తొందరగా!" అంటున్నాను. ఆవిడకు అర్థమైంది. వరండా చివర గోడలో ఇనుప బీరువా చూపించింది. ఆవిడ సైగలను బట్టి, వరండాలో ఏమీ ఉంచకూడదట, అగ్గి అంటుకుంటే దారికి అడ్డమట. ఆ సంగతి మా తలుపు వెనకాల కాగితం మీద రాసే ఉంది. చదివేదెవరు? తాళం కోసం చేత్తో తిప్పి చూపించాను. ఆవిడ గోడ గడియారం మీద పన్నెండు అంకె చూపించింది. తాళాలామె వచ్చేది అప్పుడే.

పొడుగక్క బీరువాను భుజంతో రెండుసార్లు గుద్దింది. బీరువా కదల్లేదు, భుజం కమిలింది. తరువాత రెండు జతల సాక్సుల మీద ప్లాస్టిక్ సంచులు కట్టుకుని మెట్లు దిగి వీధిలోకి నడిచింది. నేను కింది గుమ్మంలోంచి చూస్తున్నాను. పది అడుగులు వేసింది, సంచి చిరిగింది, ఇంకో పది వేసి జారి కూలబడింది. లోపలికి లాక్కొచ్చేసరికి పాదాలు బండల్లా ఉన్నాయి. నా ఒళ్లో పెట్టుకుని రుద్దాను.

"తిట్టక్కా. తిడితే నాకు హాయిగా ఉంటుంది."

"తిట్టడానికి టైముందా? తొమ్మిదిన్నరైంది."

గదిలో కూర్చోలేదు, నిలబడలేదు. తలుపు నుంచి కిటికీకి నాలుగడుగులు, మళ్లీ నాలుగడుగులు. ఇటుకల గోడను తిట్టింది, కిటికీని తిట్టింది, నన్ను మాత్రం అనలేదు. నాలుగేళ్లుగా చెల్లెలు ఎలా ఉంటోందో నాకు ఆ నాలుగడుగుల్లో తెలిసొచ్చింది.

పది కావస్తుండగా నేల తుడిచే ఆవిడ తలుపు తోసి, తన బూట్లు విప్పి మా ముందు పెట్టింది. తాను రబ్బరు చెప్పుల్లో నిలబడింది. పొడుగక్క గబుక్కున కాలు దూర్చింది. వేళ్లు పట్టాయి, మడమ పట్టలేదు. పళ్లు బిగించి లాగింది. ఊహూఁ. ఇద్దరూ నా కాళ్ల వైపు చూశారు.

"నేనా? నాకు దారి తెలీదు. ఆ పిల్లను నేనెప్పుడూ చూడలేదక్కా!"

"కిందకెళ్లి కుడి పక్క. ట్రాము పట్టాల వెంట నడువు. పైకి చూస్తే గడియారం కనిపిస్తుంది. బుడ్డీ, వెళ్లవే."

కాగితం రవికెలో పెట్టుకుని వెళ్లాను. కుడి పక్కకే తిరిగాను, కానీ పట్టాలు రెండుగా చీలిన చోట తప్పు దారి పట్టాను. మంచు కళ్లలో పడుతోంది, గోడలన్నీ ఒక్కలాగే ఉన్నాయి. పైకి చూస్తే గడియారం నా వెనక ఉంది! ఏడుస్తూ వెనక్కి పరిగెత్తాను. స్తంభం దగ్గర పది మంది ఆడవాళ్లు, అందరూ కళ్లు తప్ప అంతా ఉన్నిలో చుట్టుకుని ఉన్నారు. ఎవరని అడగను? నోటికొచ్చింది అరిచేశాను.

"చిట్టీ! మీ అక్కకి బూట్లు లేవే!"

అందరూ తిరిగి చూశారు. ఒక్క మనిషి చేతిలో కూరగాయల సంచి మాత్రం కింద పడింది.

"మీరెవరండీ?"

"బుడ్డిని. నడువమ్మా, తరువాత చెప్తాను."

"మా అక్కేది? పదకొండుకి కారొస్తుంది. నేనిక్కడ లేకపోతే..."

కాగితం తీసి చూపించాను. చదివింది గానీ నన్ను నమ్మలేదు, నమ్మకపోవడం న్యాయమే. ముక్కూ మొహం తెలియనిదాన్ని, కాళ్లకు పరాయి బూట్లు. "పది నిమిషాల నడక. చూసి, నచ్చకపోతే వెనక్కి రా" అన్నాను. దుంపలు ఏరుకుని వెంట వచ్చింది. దారిలో నాలుగుసార్లు గడియారం వైపు తిరిగి చూసింది.

పొడుగక్క కింది మెట్టు మీద సాక్సులతో కూర్చుని ఉంది. ఒకరినొకరు చూసుకున్నారు. ముందు చిట్టే అంది.

"నిజంగానే బూట్లు లేవా అక్కా?"

"ఈ బుడ్డి బయట పెట్టింది."

"మరి బయట కాకపోతే ఎక్కడ పెడతారు?"

ఆ పిల్ల మాటతో నాకు ప్రాణం లేచొచ్చింది.

గదికి వచ్చాం. పావు తక్కువ పదకొండు. పొడుగక్క చెల్లెలి చేతులు పట్టుకుని ఉండిపొమ్మంటోంది. చిట్టి ఆ ఇంటి పిల్లల పేర్లు చెబుతోంది, చిన్నవాడు తన పక్కలో తప్ప నిద్రపోడంటోంది, వాళ్లు పోలీసుల్ని పిలుస్తారేమో అంటోంది. మళ్లీ పాస్‌పోర్టు కోటులో ఉందో లేదో తడుముకుంటోంది. చేతి గడియారం చూసింది. గుమ్మం దాకా నడిచింది. అయిపోయిందనుకుని నేను గోడవైపు తిరిగాను.

చప్పుడు వినబడితే తిరిగి చూశాను. చిట్టి వంగి బూట్ల తాళ్లు విప్పుతోంది. రెండూ తీసి గుమ్మం బయట జతగా పెట్టి, వచ్చి మంచం మీద కూర్చుంది.

నేను లేచి వెళ్లి ఆ బూట్లు లోపలికి తెచ్చాను. ముందు భాగం తలుపు వైపు తిప్పి, ఆమె కాళ్ల దగ్గర పెట్టాను.

"ఇక్కడ ఉంచుకోమ్మా. వెళ్లాలనిపిస్తే వెళ్లు, ఎవరూ పట్టుకోరు."

చిట్టి వాటి వైపు చూస్తూ కూర్చుంది. ఎక్కడో దూరంగా గంట మోగడం మొదలైంది. పొడుగక్క పైకి వినబడేలా లెక్కపెట్టింది. పదకొండో గంట తరువాత చిట్టి పాదాలు రెండూ మంచం మీదకు ముడుచుకుని, కూరగాయల సంచి నా వైపు తోసింది.

"ఆకలేస్తోంది. ఇందులో మూడు క్యారెట్లున్నాయి, కడిగి తెస్తారా?"