నూట ఇరవై ఐదో గింజ

నూరుద్దీన్ గుండె ఆపరేషన్ శుక్రవారం పదకొండు గంటలకు. కొడుకు ఫిరోజ్‌తో ఆయన హైదరాబాదు దవాఖానలో ఉన్నాడు. ఇక్కడ, జడ్చర్ల పక్కన మా ఊళ్లో, ఆయన భార్య అజీజా బేగం మొక్కుకుంది. ఆయనను ఆపరేషన్‌కు తీసుకుపోయేలోపు ఖురానులోని ఒక చిన్న వాక్యం, ఒక ఆయతు, లక్షా ఇరవై ఐదు వేల సార్లు చదివి ముగించాలి.

మంగళవారం నుంచి ఎనిమిది మంది ఆడవాళ్లు చాపల మీద కూర్చున్నారు. ఒక్కొక్కరికి ఒక సంచి, అందులో నూట ఇరవై ఐదు చింతగింజలు. ఒకసారి చదివితే ఒక గింజ పక్కకు పోతుంది. గింజలన్నీ అయితే ఒక చుట్టు. ఒక్కొక్కరు నూట ఇరవై ఐదు చుట్లు చదివితే ఎనిమిది మందికి లెక్క సరిగ్గా నిండుతుంది. ఈ పద్ధతి పెట్టింది అజీజా అత్తగారు. ఆమెకు అక్షరం ముక్క రాదు.

నేనూ నూరుద్దీన్ పొత్తులో పల్లి వేస్తాం. నాకు ఆయతు రాదు. వరండాలో కూర్చుని, ఎవరి చుట్టు అయితే వాళ్ల పేరు కింద గోడ మీద సుద్దతో గీత గీశాను.

శుక్రవారం పదిన్నరకు ఆఖరి గీత పడింది. అజీజా కూతురు జేబా తన గింజలు సంచిలో పోస్తూ లెక్కపెట్టింది. మళ్లీ పెట్టింది.

"అమ్మీ, నూట ఇరవై నాలుగే ఉన్నయి."

అజీజా మొఖంలో నెత్తురు లేదు. "ఎప్పటిసంది తక్కువున్నదే?"

"ఏమో. మొదటిసందే తక్కువుందేమో."

"ఫోన్ల మొఖం పెడితే గింజలుంటయా?" అంది నూరుద్దీన్ చెల్లెలు గజాలా.

"నువ్వు గుర్క పెట్టినవు గద ఫుప్పు. నేనన్న మెలకువతోని ఉన్న."

"ఊకోండ్రి!" అంది అజీజా. "మళ్ల మొదటికాడికెల్లి చదవాల్నాయె. ఇంక అరగంటనే ఉంది."

నేను గోడ మీద జేబా గీతలు చూశాను.

"చెల్లె," అన్నాను. నాలుగు రోజుల్లో లోపలికి వినబడేట్టు మాట్లాడింది అదే మొదలు. "చుట్టుకు ఒక్క గింజనే గద తక్కువ. మొదటి చుట్టులనే పోయిందనుకో. చుట్లెన్ని?"

"నూట ఇరవై ఐదు."

"మరి తక్కువైనయి గూడ గన్నే. అంతకు మించి కావు. నిండు సంచితోని ఒక్క చుట్టు చదువుండ్రి, సరిపాయె."

జేబా పెదవులు కదిలాయి. "అవు అమ్మీ! కాక చెప్పింది నిజమే."

"గంతేనా అన్నా?"

"గంతే."

"ఒట్టు?"

"లెక్కకు ఒట్టెందుకు చెల్లె."

మిగతావాళ్లు ఆ చుట్టు పంచుకుందామంటే అజీజా ఒప్పుకోలేదు. తన సంచి గింజలు రెండుసార్లు లెక్కపెట్టించి తానే చదివింది. పది యాభై ఐదుకు ఆఖరి గింజ పక్కకు పెట్టింది. కాసేపటికి ఫిరోజ్ ఫోన్ చేశాడు.

"అమ్మీ, అబ్బాను లోపలికి తీస్కపోతున్నరు."

"తీస్కపోనీ బేటా. ఇక్కడ అయిపాయె."

సాయంత్రం నాలుగింటికి మళ్లీ ఫోన్ వచ్చింది. ఆపరేషన్ మంచిగైంది, డాక్టరు ఫికర్ లేదన్నాడు. ఆడవాళ్లంతా ఒక్కసారే మాట్లాడసాగారు. నేను గోడకు ఆనుకుని కూర్చున్నాను.

లోపలి నుంచి అజీజా గొంతు వినబడింది. "జేబా, ఏమన్న ఉంటే పెట్టవే. మస్తు ఆకలైతాంది. అన్నకు గూడ పెట్టు."