పద్నాలుగో రిపోర్టు

మోహనప్రియ కంప్యూటరు ముందు మూడోసారి కూర్చుంది. కూర్చున్నా కాలు నిలవలేదు. మడమ నేలకు కొట్టుకుంటూనే ఉంది. అద్దం తలుపు అవతల నూలుమిల్లు ఎడతెగకుండా రొద పెడుతోంది. సన్నటి దూది ఆమె కనురెప్పల మీద, కీబోర్డు సందుల్లో, గాజుల మీద వాలుతోంది.

మిల్లులో ప్రమాదం జరిగితే కోయంబత్తూరు పెద్దాఫీసుకు ఇంగ్లీషులో రిపోర్టు పోవాలి. రాయడమంటే పాత ఫైలు తెరిచి పేరు, తేదీ, దెబ్బ తగిలిన చోటు మార్చడమే. కార్మికురాలి అజాగ్రత్త వల్లే జరిగిందన్న చివరి మాట ఎప్పుడూ మారదు. తొమ్మిదేళ్లలో అలాంటివి పదమూడు పంపింది.

నిన్న పత్తి దువ్వే యంత్రం మునివెంకటమ్మ కుడిచేతి రెండు వేళ్లు తీసేసింది. దానికి ఇనుప మూత లేదు. మాటిమాటికీ మూత తెరిచి దూది తుడవాలంటే ఆలస్యమవుతోందని మేనేజరు మణికంఠన్ పోయిన నెల ఊడదీయించాడు. అప్పుడు మోహనప్రియ పక్కనే నిలబడి చూసింది.

పొద్దున హరూర్ ఆసుపత్రికి పోయి వచ్చింది. ఇద్దరిదీ బి. మల్లాపురం ఊరే, ఇద్దరివీ తెలుగిళ్లే. వార్డంతా తమిళం. మునివెంకటమ్మ గొంతు తగ్గించి ఇంటి తెలుగులో అడిగింది.

"నా తప్పని రాస్తే పనిలోంచి తీసేస్తారంట కదా పాపా. రాసేది నువ్వే కదా?"

మోహనప్రియ వంగి మంచం కింద చెంబు సర్దింది.

కాలేజీ గడప తొక్కింది తన ఇంట్లో మోహనప్రియ ఒక్కతే. అమ్మ చింతపండు కొట్టే కూలి చేసి చదివించింది. ఉద్యోగంలో పైకి పోవాలని ఆదివారాలు ధర్మపురిలో పైస్థాయి ఇంగ్లీషు రాత తరగతిలో చేరింది. ముప్పై ఆరేళ్ల ఆమె చుట్టూ అందరూ ఇరవై ఏళ్లవాళ్లే. మొదటి వ్యాసం ఎర్రగీత ఒక్కటీ లేకుండా తిరిగొచ్చింది. తప్పుల్లేవక్కా, మీరు చూసింది కూడా ఒక్కటీ లేదు, అంది టీచరు ఇలక్కియా. ఆ మాట వారమంతా లోపల మండింది. తర్వాత అమ్మ చేతుల గురించి రాసింది: వేళ్ల పగుళ్లు, వాటిలో ఇంకిన పులుపు, ఆ చేత్తో కారం కలుపుకుంటే వచ్చే మంట. తరగతిలో నిలబడి చదివింది. నిజం చెప్పినా పైకప్పు కూలదని ఆ రోజు తెలిసింది.

ఇప్పుడు పాత ఫైలు మూసేసి ఖాళీ పేజీ తెరిచింది. మూత ఎవరు తీయమన్నారో, ఎప్పుడో, తాను ఎక్కడ నిలబడి చూసిందో రాసింది. చెరిపింది, మళ్లీ రాసింది. లేచి నీళ్లు తాగి వచ్చింది, తాగానో లేదో గుర్తురాక మళ్లీ పోయి తాగింది. చివరకు కింద తన పేరు పెట్టి పెద్దాఫీసుకు పంపేసి, ఒక ప్రతి మణికంఠన్ బల్లమీద పెట్టింది.

ఆయనదీ తెలుగిల్లే, కాకపోతే కోపమొస్తేనే తెలుగు వస్తుంది.

"కోర్సు చదివింది ఇందుకామ్మా? మార్చి ఇంకోటి పంపు."

"చూసింది రాసినాను సార్. మార్చేది లేదు."

ఆయన గొంతు పెంచలేదు. మెడలో కార్డు ఇచ్చి పొమ్మన్నాడు. గేటు దగ్గర వాచ్‌మన్ కాళియన్ ఆమె ముఖం చూడకుండా, హరూర్ బస్సు ఇప్పుడే వస్తుందని చెప్పాడు. ఆమె బస్సు కోసం ఆగకుండా రోడ్డు వెంట నడిచింది. ముందు ఆసుపత్రికి, అమ్మకు తర్వాత చెప్పుకోవచ్చు.

పన్నెండున్నరకు మిల్లు గంట కొట్టాక అందరూ తమ తమ డబ్బాలు తీసుకుని కూర్చున్నారు. భోజనాల షెడ్డు అరలో మోహనప్రియ పెట్టిన స్టీలు టిఫిన్ డబ్బా ఒక్కటే మిగిలింది, అడుగున ఇంకా కాస్త వెచ్చగా.